రెండు తాళ్ల పొడుగు

తమ్ముడికి, వందనాలు.

బైబిల్లోని ఇశ్రాయేలు రాజు దావీదు మీద నువ్వు రాస్తున్న నవల అయిదు అధ్యాయాలూ చదివాను. రెఫాయీము లోయలో శత్రువులైన ఫిలిష్తీయులతో యుద్ధం ఘట్టం బాగుంది. కంబళిచెట్ల కొనల మీద చప్పుడు వినపడేదాకా సైన్యం ఊపిరి బిగబట్టి కూర్చున్నచోట నాకూ టెన్షన్ వచ్చింది. అయిదో అధ్యాయంలో మాత్రం కాగితాలు బల్ల మీద పడేసి టీ పెట్టుకోవడానికి లేచాను.

"దైవకృపతో దావీదు మోయాబును జయించాడు." ఒక్క వాక్యం! సమూయేలు రెండో గ్రంథం ఎనిమిదో అధ్యాయం, రెండో వచనం నీ బైబిల్లో లేదా? పట్టుబడిన మోయాబు వాళ్లను నేల మీద పడుకోబెట్టి తాడుతో కొలిచారు. రెండు తాళ్ల పొడుగున ఉన్నవాళ్లు చావాలి, ఒక తాడు పొడుగున ఉన్నవాళ్లు బతకొచ్చు. దావీదు తాతను కన్న రూతు ఏ దేశపు పిల్ల? మోయాబు. తనను చంపాలని వెతుకుతున్న సౌలు రాజుకు దొరక్కుండా తిరిగే రోజుల్లో అమ్మానాన్నలను మిస్పేలో ఎవరికి అప్పగించాడు? మోయాబు రాజుకే. ఇంత చుట్టరికం ఉన్నచోట తాడు ఎందుకు బయటికొచ్చిందో గ్రంథం చెప్పదు. నవల రాసేవాడికి పని దొరికేది అక్కడే. నువ్వేమో అక్కడే చేతులు దులుపుకున్నావు.

ఇంకోటి. నువ్వు పేజీకోసారి "దేవుడు గెలిపించాడు" అంటావు. సమూయేలు గ్రంథం ఎనిమిదో అధ్యాయం మొత్తంలో ఆ మాట రెండేసార్లు వస్తుంది. అంతకుముందు ఆ గ్రంథంలోనే అయిదో అధ్యాయంలో, ఫిలిష్తీయుల మీదికి "పోదునా?" అని దావీదు దేవుణ్ణి అడుగుతాడు. మొదటిసారి పొమ్మన్నాడు దేవుడు. రెండోసారి ఎదురుగా వద్దు, చుట్టు తిరిగి వెనకనుంచి పడమన్నాడు. అడిగాడు, ఆగాడు. నాకు తెలిసిన కృప అది. ఎనిమిదికి వచ్చేసరికి అడిగినట్టు ఒక్క మాట లేదు. ఫిలిష్తీయులు, మోయాబు, సోబా రాజు హదదెజెరు, ఉప్పు లోయలో చచ్చిన 18,000 మంది... అన్నీ లెక్కలే, బంగారు డాళ్లూ ఇత్తడీ. ఆఖరికి బైబిల్లోనే దినవృత్తాంతాల గ్రంథంలో దేవుడు దావీదుతో, చాలా రక్తం ఒలికించావు, నాకు మందిరం నువ్వు కట్టకూడదన్నాడు. గెలిపించిన దేవుడే అన్నాడు ఆ మాట. అది విన్న రాత్రి దావీదు ఏం చేశాడో రాశావా?

1868లో యొర్దానుకు తూర్పున దీబోనులో ఒక నల్లరాతి శాసనం దొరికింది. ఇప్పుడు పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మోయాబు రాజు మేషా చెక్కించాడు, దావీదు తర్వాత నూరేళ్లకు పైనే. మా దేవుడు కెమోషుకు దేశం మీద కోపమొచ్చింది, అందుకే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మమ్మల్ని అణిచాడు అంటాడు. ఆ తర్వాత కెమోషే, పోయి ఇశ్రాయేలు చేతిలోంచి నెబో ఊరిని తీసుకో అన్నాడట. అక్కడ 7,000 మందిని చంపానని గొప్పగా చెక్కించుకున్నాడు. పేర్లు మారిస్తే నీ అయిదో అధ్యాయమే. ఇశ్రాయేలు వాళ్లు తమ రాజు పాపాన్ని కూడా రాసి దాచుకున్నారు. నువ్వు దాన్ని తుడిచేసి మేషా పక్కకెళ్లి కూర్చున్నావు.

నా ఊరియా కథ గుర్తొస్తోంది. ఊరియా దావీదు సైనికుడు, అతని భార్య బత్షెబను దావీదు తీసుకుని, అతన్ని చంపించమని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. తన చావు రాసిన ఉత్తరాన్ని తనే యోవాబుకు మోసుకెళ్లినవాడి మీద, ఇరవై ఆరేళ్లప్పుడు, నాలుగుసార్లు తిరగరాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు ఆ ఉత్తరం ముక్క కోసేసి అచ్చు వేశాడు. భక్తులు నొచ్చుకుంటారట. అచ్చులో ఊరియా రబ్బా గోడ కింద వీరమరణం పొందాడు, బత్షెబ ఏడ్చింది, అయిపోయింది. మా అమ్మ ఆ పత్రిక పట్టుకుని పది ఇళ్లు తిరిగింది. నేను నెల రోజులు చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. ఇప్పుడు సంపాదకులకు ఆ శ్రమ కూడా లేదు, మీరే కోసుకుని పంపుతున్నారు.

ప్రచురణకర్తల సంగతి అడిగావు, తర్వాత చూద్దాం. ముందు అయిదో అధ్యాయం మళ్లీ రాయి. తాడుకి రెండు కొసలుంటాయి కదా, రెండో కొస పట్టుకున్న కుర్రాడెవడో నాకు కనపడాలి. పోస్టులోనే పంపు, ఫోన్లో అక్షరాలు నాకు ఆనడం లేదు.