మొదటి గన్: పవర్ చూసి కొని నేను పోగొట్టుకున్న ఏడాది

"వయసు 22, ఊరు టెక్కలి దగ్గర. షూటింగ్ సీరియస్‌గా నేర్చుకోవాలి. నలభై వేలు దాచాను. మొదటి గన్‌గా పాయింట్ 22 రైఫిల్‌కి లైసెన్స్ పెట్టనా, పవర్ ఉన్న ఎయిర్ రైఫిల్ కొననా?" ఇదీ మీ ప్రశ్న.

తమ్ముడూ, ఎయిర్ రైఫిలే కొనండి. కానీ పవర్ చూసి మాత్రం కొనకండి. నాది విజయనగరం. సరిగ్గా ఆ తప్పే చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పాయింట్ 22 అంటే మందుగుండు తుపాకీ. లైసెన్స్‌కి 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, సురక్షితంగా వాడే శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఇంకా గురి కుదరని మనిషికి ఇప్పుడే ఆ తిరుగుడు ఎందుకు? 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లండి, షాపులో అడుగుతారు.

ఇక నా కథ. షాపతను బ్యారెల్ మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ గన్ చేతిలో పెట్టి "సార్, సెకనుకి వెయ్యి అడుగుల స్పీడ్" అన్నాడు. అంతే, కొనేశాను. మేడ మీద గోనెసంచి నిండా ఇసక పోసి, దాని ముందు కాగితం కట్టి, పది మీటర్ల నుంచి కొట్టాను. అయిదు పెల్లెట్లూ (ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుళ్లు) అరచేతి వెడల్పున చెదిరిపోయాయి. వణుకు నా చేతిదే అనుకుని ఇంకా బిగించి పట్టుకున్నాను, ఇంకా చెదిరాయి. స్ప్రింగ్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకి దూసుకెళ్తుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకీ వెనక్కి తన్ని ముందుకి కుదుపుతుంది. దాన్ని బిగించకూడదు, వదులుగా ఆనించుకోవాలి. ఆ ముక్క చెప్పేవాళ్లు లేక, ఆ కుదుపుకి భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకోవడానికి, అది అంటుకోవడానికి పట్టిన దానికన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

తర్వాత ఒక కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా గన్ పక్కన పెట్టించి, తన పాత పీసీపీ రైఫిల్ ఇచ్చారు. పీసీపీ అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచేది. కుదుపు దాదాపు ఉండదు. టేబుల్ మీద ఆనించి కొట్టిన మొదటి అయిదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. రెండుసార్లూ చెయ్యి నాదే, మారింది గన్ ఒక్కటే. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే మ్యాచ్ రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జూల్స్. 20 జూల్స్ హద్దులో సగం కూడా కాదు! కాగితానికి చిల్లు పడటానికి అంతకన్నా ఏం కావాలి?

మీరు చూడాల్సింది మీ ఒంటికి సరిపోతుందా లేదా అన్నది. మోచెయ్యి మడిచి, బట్ట్‌ని (భుజానికి ఆనే వెనక భాగం) మోచేతి లోపలి మడతలో ఆనించండి. చూపుడువేలు తేలిగ్గా ట్రిగ్గర్‌ని తాకితే పొడవు సరిపోయినట్టే. నిలబడి రెండు నిమిషాలు ఎత్తి పట్టుకోండి, భుజం లాగేస్తుంటే అది మీ గన్ కాదు. టెలిస్కోప్ వద్దు. మ్యాచ్‌లో వాడేది అద్దాలు లేని పీప్ సైటే (చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టేది) కాబట్టి మొదటి రోజు నుంచే దానికి అలవాటు పడండి. పెల్లెట్లు ముక్కు చదునుగా ఉన్నవి తీసుకుంటే కాగితం మీద గుండ్రంగా చిల్లు పడుతుంది, స్కోరు చూడటం తేలిక.

జర్మన్ మ్యాచ్ రైఫిళ్లు కొత్తవి రెండు లక్షలు దాటతాయి, వాటి జోలికి ఇప్పుడే పోకండి. సెకండ్ హ్యాండ్ పీసీపీ దొరికితే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. మ్యాచ్ సిలిండర్లకి వాడకం గడువు సాధారణంగా పదేళ్లే. అది దాటితే ధర ఎంత తక్కువైనా వదిలెయ్యండి. గాలి నింపే పంపు ఖర్చు కూడా ఆ నలభై వేలలోంచే తియ్యాలి.

మీది టెక్కలి వైపు అన్నారు కాబట్టి ఒక్క మాట. తేలినీలాపురంలో దిగే వలస పక్షులు మీ ఇంటి పక్కనే. చేతిలో ఎయిర్‌గన్ చూడగానే "ఆ కొంగని కొట్టు చూద్దాం" అనేవాళ్లు తగుల్తారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అన్నిటికీ మించి, ఆ పక్షుల్ని అక్కడి ఊరివాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. గన్‌ని కాగితానికి తప్ప దేనికీ గురిపెట్టకండి, ఖాళీగా ఉన్నా సరే.

కొనేముందు ఒక నెల ఏదైనా రేంజ్‌లో వాళ్ల రైఫిల్‌తోనే నేర్చుకోండి. రెండు మూడు రకాలు ఎత్తి చూశాక, మీ ఎత్తూ, మీ బరువూ రాసి ఇక్కడే పెట్టండి, మోడల్ ఎంచుకోవడంలో సాయం చేస్తాను.