చైనా ఎండు చామంతి పూల నీళ్ళు కళ్ళకు మంచివేనా? పూజ చామంతులతో చేసుకోవచ్చా?

పూజకు తెచ్చుకునే చామంతులను ఎండబెట్టి చైనావారిలా వేడినీళ్ళలో వేసుకుని తాగవచ్చా, దానివల్ల కళ్ళమంటలు నిజంగా తగ్గుతాయా అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు వద్దనే చెబుతాను. రెండోదానికి ఒక్క మాటలో జవాబు కుదరదు.

ఉద్యోగరీత్యా నేను జెజియాంగ్ ప్రావిన్సులోని హాంగ్‌జౌ నగరంలో కొన్నేళ్ళు ఉన్నాను. రోజంతా కంప్యూటరు ముందు పని కావడంతో సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి గరగరలాడేవి. అది గమనించి మా ఆఫీసులోని ఒక పెద్దావిడ నాలుగైదు ఎండు చామంతులూ, కాసిని ఎర్రటి గోజీ పండ్లూ గాజు గ్లాసులో వేసి, వేడినీళ్ళు పోసి నా బల్ల మీద పెట్టారు. ముడుచుకుని గోధుమరంగుకు తిరిగిన పువ్వు కాసేపటికే రేకులు విప్పుకుని, మధ్యనున్న పసుపు బొడ్డుతో సహా తేటగా కనబడింది. నీళ్ళు లేత పసుపు రంగుకు మారాయి. చిరుచేదు తగిలాక నాలుక చివర కొద్దిగా తీపి నిలిచే ఆ రుచి నాకు మొదటిసారే నచ్చింది. అక్కడ దీనిని మందుగా కంటే ఇంటి పానీయంగానే ఎక్కువగా తాగుతారు.

హాంగ్‌జౌకు దగ్గరలోని థోంగ్‌షియాంగ్ ఈ తెల్ల చామంతి సాగుకు పేరుపడ్డ ప్రాంతం. శరదృతువు చివర, ముఖ్యంగా నవంబరులో, పూలు కోసి, వెదురు పళ్ళాలలో పరిచి, కొద్ది నిమిషాలు ఆవిరి పట్టి, ఆ తర్వాత ఎండబెట్టడం అక్కడి పాత పద్ధతి. ఆవిరికి మెత్తబడిన రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి కనుక ఎండిన తర్వాత పళ్ళెం మీదినుంచి అప్పడంలా ఒక్క పొరగా లేస్తాయి. పూర్తిగా విచ్చకముందే కోసిన మొగ్గలను విడిగా, ఎక్కువ ధరకు అమ్ముతారు. అన్‌హుయి ప్రావిన్సులోని బోజౌ, చూజౌ, హ్వాంగ్‌షాన్ ప్రాంతాల పూలకూ పేరుంది, వాటిని ఆరబెట్టే తీరు వేరు. చైనా ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం వీటన్నింటినీ క్రిసాంథిమమ్ మోరిఫోలియం అనే ఒకే జాతి కింద చేర్చి, 5 నుంచి 10 గ్రాములను మోతాదుగా పేర్కొంటుంది. చేదెక్కువగా ఉండే అడవి చామంతిని వేరే మందుగా పరిగణించి, గడ్డలకూ గొంతువాపుకూ వాడతారు. మన సూపర్ మార్కెట్లలో దొరికే చామొమైల్ టీ అసలు ఈ మొక్కదే కాదు.

వారి వైద్యంలో కళ్ళకు కాలేయంతో సంబంధం చెబుతారు. చామంతి చలువ చేసే పువ్వనీ, కాలేయంలోని వేడిని తగ్గించి కంటి ఎరుపును తీసివేస్తుందనీ వారి వివరణ. వేడితో మొదలైన జలుబు, దగ్గులకు మల్బరీ ఆకుతో కలిపి ఇస్తారు. 18వ శతాబ్దం చివర వూ జూథోంగ్ అనే వైద్యుడు నమోదు చేసిన ఆ మందుల కలయిక నేటికీ వాడుకలో ఉంది. చలువ, వేడి అన్న ఆలోచన మన ఇళ్ళలోనూ ఉన్నదే కనుక ఈ తర్కం మనకు తొందరగా మనసుకు పడుతుంది. అయితే మనసుకు పట్టినంత మాత్రాన అది నిరూపణ కాదని గట్టిగా చెప్పదలిచాను. నాకు ఊరట కలిగిన మాట నిజమే, కానీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిన ఆ కాసేపూ కళ్ళు తెరకు దూరంగా ఉండేవి, ముఖానికి వెచ్చటి ఆవిరి తగిలేది, ఒంట్లోకి నీరూ చేరేది. ఆ ఊరటలో పువ్వు వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఇక పూజ చామంతుల సంగతి. దండల కోసం పండించే పూలను ఎవరైనా తింటారని రైతు అనుకోడు. పేనుబంక, తామరపురుగులు రాకుండా పువ్వు విచ్చే దశలో కూడా మందులు కొడతారు. కడిగినంత మాత్రాన ఆ అవశేషాలన్నీ పోవు, పైగా ఎండబెడితే నీరు పోయి మందు పువ్వులోనే మిగులుతుంది. తాగడానికైతే ఆహారంగా అమ్మే పువ్వునే కొనండి. కొనేటప్పుడు అసహజంగా తెల్లగా మెరిసే పూలను పక్కన పెట్టండి. రంగు చెడకుండా, పురుగు పట్టకుండా గంధకం పొగ పెట్టే అలవాటు ఆ వ్యాపారంలో ఉంది. అలాంటి పూల సంచీ తెరవగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగులుతుంది. మంచి పువ్వు కాస్త పసుపుగానో, గోధుమగానో ఉండి, చామంతి వాసనే వేస్తుంది.

వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవారు, చామంతి దండ పట్టుకుంటే చేతులు దురదపెట్టేవారు దీని జోలికి వెళ్ళకూడదు, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. కడుపు చల్లబడి తరచు విరేచనాలయ్యే వారికి చైనా వైద్యులే దీనిని తగ్గించమంటారు. మీ కళ్ళమంటలు వారాల తరబడి ఉన్నా, చూపు మసకబారినా, నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా ఏ పువ్వునూ నమ్ముకుని ఆగకుండా ముందు కంటి డాక్టరుకు చూపించుకోండి.