పెట్ గేమ్‌లో బగ్ అని చెబితే ముందు పెట్‌ను తిరిగిచ్చేయండి

ఇద్దరు కలిసి ఫోన్‌లో బొమ్మ జంతువును పెంచుకునే వర్చువల్ పెట్ గేమ్ విడుదల చేశామని, బగ్ రిపోర్టులూ సలహాలూ కుప్పలుగా వస్తున్నాయని, వాటికి ఏ టూల్ వాడాలో, దేనికి ముందు జవాబివ్వాలో చెప్పమని అడిగారు.

టూల్ అంటారా, గూగుల్ షీట్ చాలు. బెంగళూరులో ఉండే మా బావ నెలనెలా డబ్బు కట్టే టికెటింగ్ సాఫ్ట్‌వేర్, అంటే వచ్చిన ఫిర్యాదులకు నంబర్లు వేసి చూసుకునేది ఏదో కొనమని నా ప్రాణం తీశాడు. అనంతపురంలో ఇంటి మేడ మీద గదిలో కూర్చుని గేమ్ చేసుకునే మాకు అదెందుకు? మా షీట్‌లో ఏం జరిగింది, ఏ ఫోను, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత, పెట్‌ను తిరిగిచ్చామా లేదా అనే గడులు ఉంటాయి. ఆ చివరి గడి నిండనిదే ఏ రిపోర్టూ మూసినట్టు కాదు.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రేసింగ్ గేమ్‌లో బగ్ వస్తే ఆడేవాడు ఒక రేసు పోగొట్టుకుంటాడు, తిట్టుకుని మళ్లీ మొదలుపెడతాడు. పెట్ గేమ్‌లో అలా కాదు. నెలల తరబడి పేరు పెట్టి పెంచుకున్నది మాయమవుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని ‘డియర్ యూజర్, దయచేసి మీ ఫోన్ మోడల్ తెలపండి’ అంటే మండదా?

మా గేమ్‌లో పెంచేది గొర్రెపిల్లను. మేత వేయాలి, నీళ్లు పెట్టాలి, రాత్రికి దొడ్లో కట్టేయాలి. పట్టించుకోకపోతే చచ్చిపోదు, మందలో కలిసి వెళ్లిపోతుంది. ఒకరోజు పొద్దున్నే ధర్మవరం నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట్లాడేది చీరలు నేసే ఆయన, వెనకాల మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. “సార్, మా పాప రాత్రి గడ్డి ఏసి, నీళ్లు పెట్టి పండుకున్యాది. పొద్దన్నే లేసి సూస్తే గొర్రెపిల్ల లేదు. యాడికి పోయింది సార్? పాప అన్నం తినలే.”

కోడింగ్ చూసే మా పిన్ని కొడుకు, గేమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ తెరిచి, “అన్నా, వీళ్లు టైమ్ మార్చి ఆడినారు, దొరికిపోయినారు” అన్నాడు. వాడి అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఉన్ని తొందరగా పెరగాలని ఫోన్‌లో తేదీ ముందుకు జరిపేవాళ్లు మాకు కొల్లలు. ఈ లాగ్‌లో కూడా తేదీ ఏళ్లకు ఏళ్లు ఎగిరింది. నేను మాత్రం ముందు గొర్రెపిల్లను ఇచ్చేయమన్నాను. పాప పెట్టిన పేరుతో, అదే ఉన్నితో, మెడలో అదే గంటతో.

ఇచ్చాక ఫోన్ చేశాను. గొర్రె తిరిగొచ్చిందన్న సంతోషంలో ఆయన తీరిగ్గా మాట్లాడాడు. రాత్రి కరెంటు పోయిందట, చార్జింగ్ లేక ఫోన్ ఆగిపోయిందట, పొద్దున కరెంటు రాగానే వైరు పెట్టి ఆన్ చేశాడట. సిగ్నల్ ఇంకా రాకముందే పాప లాక్కుని గేమ్ తెరిచిందట. చిక్కుముడి మొత్తం అక్కడే విడిపోయింది. కరెంటు పోయిన సంగతి ఏ ఫామ్‌లో ఏ గడిలో రాస్తాడు ఆయన?

కొన్ని ఫోన్లలో బ్యాటరీ పూర్తిగా అడుగంటితే తేదీ కూడా పోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఏదో పాత ఏడాది చూపిస్తుంది, నెట్‌వర్క్ అందాక సరైన తేదీ వస్తుంది. ఆ సందులో గేమ్ తెరిస్తే, చివరిసారి మేత వేసిన తేదీగా ఆ పాత ఏడాదే సేవ్ అయింది. కాసేపటికి అసలు తేదీ వచ్చింది. గేమ్ లెక్క ప్రకారం ఆ గొర్రెపిల్ల కొన్నేళ్లుగా పస్తులుంటోంది! మందలోకి పోకుండా ఏం చేస్తుంది?

అందుకే ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు. నెట్ ఉంటే సర్వర్ టైమ్ తీసుకోండి. నెట్ లేకపోతే ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి ఎంతసేపైందో ఆండ్రాయిడే చెబుతుంది, తేదీ ఎంత మార్చినా ఆ లెక్క మారదు. అయితే ఫోన్ ఆపి ఆన్ చేస్తే అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ రెండూ కుదరనప్పుడు, తేదీ వెనక్కి పోయినా మరీ దూరం ఎగిరినా ఒక్క రాత్రి గడిచినట్టు లెక్కేసి వదిలేయండి. ఆడేవాడికి నాలుగు నాణేలు ఎక్కువొస్తే మన సొమ్మేం పోదు.

తేదీ మార్చేవాళ్లను దొంగల్లా చూడటం కూడా నాకు నచ్చదు. 1996లో జపాన్‌లో బండాయ్ అనే బొమ్మల కంపెనీ టమగోచి అనే చేతిలో పట్టే పెట్ బొమ్మను తెచ్చినప్పుడు అందులో పాజ్ బటన్ లేదు. టైమ్ సరిచేసే స్క్రీన్‌లో వదిలేస్తే పెట్‌కు కాలం ఆగిపోతుందని ఆడేవాళ్లే కనిపెట్టారు. అది మోసమా, సలహానా? నన్నడిగితే సలహానే, కాకపోతే ఉత్తరం రాయకుండా చేసి చూపించారు. మా గేమ్‌లో పరీక్షలప్పుడు గొర్రెను అవ్వగారింట్లో వదిలే ఏర్పాటు పెట్టాక తేదీ మార్చడం బాగా తగ్గింది.

ఇంకో తమాషా. రోజువారీ గిఫ్ట్ అర్ధరాత్రి మారాలి. సర్వర్ మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది కాబట్టి మనకు పొద్దున 5:30కి మారేది. బగ్ అని ఒకాయన రాశాడు, సరిచేశాం. వెంటనే ఆడవాళ్ల నుంచి గోల! ముగ్గు వేసి లోపలికొచ్చి గిఫ్ట్ తీసుకోవడం అలవాటైందట, ఎందుకు మార్చారని. మళ్లీ 5:30కే పెట్టాం. రిపోర్ట్ సరైనదే అయినంత మాత్రాన సరిచేయాలని లేదు.

‘ఆకలేస్తోందని నోటిఫికేషన్ రాలేదు’ అనేది రోజూ వచ్చేదే. ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ ఊరికే పడి ఉంటే వెనకాల నడిచే పనులను వాయిదా వేస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు అనుమతి కూడా అడగాలి, మొదటిరోజు చూడకుండా ‘వద్దు’ నొక్కేసినవాళ్లే ఎక్కువ. ఏ సెట్టింగ్ ఎక్కడుందో స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని పంపండి, వాదించకండి.

ఇక సలహాలు. ఓటింగ్ మాత్రం పెట్టకండి. ఓట్లేసేది గట్టిగా అరిచేవాళ్లే, రోజూ మేత వేసి నోరెత్తకుండా పోయే అమ్మలు అటు తొంగి కూడా చూడరు. మాకు ఎక్కువగా వచ్చే సలహా పొట్టేలు పందేలు పెట్టమని. పెట్టను. పెంచుకున్న దాన్ని తలలు బాదుకోమని తోలడం నా చేత కాదు. అయితే అడిగేవాళ్లతో మాట్లాడితే తెలిసింది, వాళ్లకు కావలసింది తమ పొట్టేలు ఎంత బలిసిందో పదిమందికి చూపించుకోవడం. దానికి వారానికోసారి సంత పెట్టాం. మా సీమలో బొరుగులతో చేసుకునే ఉగ్గాణి తినిపించాలని అడిగినవాళ్లూ ఉన్నారు. గొర్రెకు ఉగ్గాణి ఏంటని మావాడు నవ్వాడు, నేను పెట్టేశాను. బజ్జీ కూడా అడుగుతున్నారిప్పుడు.

ప్లే స్టోర్ రివ్యూలకు జవాబు 350 అక్షరాల్లో ముగించాలి. క్షమాపణలకే సగం తినేయకండి, నేరుగా ‘మీ గొర్రెపిల్ల దొడ్లో ఉంది, తెరిచి చూడండి’ అని రాయండి. రివ్యూను తర్వాత మార్చుకునే వీలుంది, చాలామంది మారుస్తారు కూడా. గొర్రె తిరిగొచ్చాక కూడా ఒక్క నక్షత్రమే ఉంచి, కింద ‘థాంక్స్ బ్రో’ అని రాసే మహానుభావులూ ఉంటారు. వాళ్లను నేనేం చేయలేను, మీరూ చేయలేరు.