కొత్త హెడ్‌ఫోన్స్‌ని వంద గంటలు వాయిస్తే బేస్ వస్తుందా?

ప్రశ్న: నాలుగు రోజుల కింద చెవి మొత్తం కప్పే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. బేస్ పలచగా ఉంది. పాటలో ‘స’, ‘శ’, ‘చ’ వచ్చినప్పుడల్లా చెవిలో గీరినట్టుంది. ఒంగోలులో మాకు తెలిసిన మొబైల్ షాపాయన ‘కొత్తవి అట్టాగే ఉంటాయి, వంద గంటలు వాయించు, విచ్చుకుంటాయి’ అంటున్నాడు. రిటర్న్ గడువు ఇంకా మూడు రోజులే ఉంది. ఆగాలా, తిప్పి పంపాలా?

జవాబు:

ఆగమాకండి. ఈ మూడు రోజుల్లో తేలాల్సింది ఒక్కటే: మీ పీసులోనే లోపం ఉందా, లేక అది మీ తలకు సరిగ్గా అతుక్కోవడం లేదా. రెండూ ఈ రాత్రికే తేలిపోతాయి. వంద గంటలంటే రోజుకు నాలుగు గంటల చొప్పున ఇరవై అయిదు రోజులు. అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అమ్మేవాళ్లకు ఈ మాట ఎందుకంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని షాపాయన మాట గాల్లోంచి పుట్టిందీ కాదు. తిరనాళ్లలో పెట్టే పెద్ద బేస్ స్పీకర్లకు రీకోన్ చేసేవాళ్లని, అంటే ఊగి శబ్దం చేసే గరాటు లాంటి కోన్‌ని మార్చేవాళ్లని అడగండి, కొత్త కోన్ మొదట బిగుసుగా ఉంటుందనే చెబుతారు. పెద్ద స్పీకర్లో కోన్ వెనక స్పైడర్ అనే గట్టి బట్ట చక్రం, అంచు చుట్టూ రబ్బరు లేదా ఫోమ్ రింగు ఉంటాయి. కోన్ ముందుకీ వెనక్కీ మిల్లీమీటర్ల కొద్దీ ఊగుతుంది కాబట్టి ఆ బట్ట వదులై బేస్ కొంచెం కిందికి దిగుతుంది. ఇది కొలతల్లో కనిపించే విషయమే. హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే భాగం, అంటే డ్రైవర్, అలాంటిది కాదు. సాధారణంగా 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పలచని ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన సన్నని తీగ చుట్ట (వాయిస్ కాయిల్), వెనక అయస్కాంతం, అంతే. మామూలుగా స్పైడర్ ఉండదు. మనం వినే వాల్యూమ్‌లో ఆ పొర కదిలేది మిల్లీమీటర్‌లో చిన్న భాగం. వదులు కావడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. 2011 ప్రాంతంలో టిల్ హెర్ట్‌సెన్స్ అనే అమెరికన్ సమీక్షకుడు ఏకేజీ క్యూ701 అనే హెడ్‌ఫోన్ మీద ఇలా వాయించి విచ్చుకునేలా చేయడాన్నే (దీన్నే బ్రేక్-ఇన్, బర్న్-ఇన్ అంటారు) కొలిచి చూశాడు. దొరికిన తేడాలు చాలా చిన్నవి. హెడ్‌ఫోన్‌ని తల మీద ఒక అర సెంటీమీటర్ జరిపితే ట్రెబుల్‌లో, అంటే సన్నని పై స్వరాల్లో, వచ్చే మార్పు అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

మరి వారం వాడాక ‘బాగా మారింది’ అని అంతమంది ఎందుకంటారు? అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే మారుతుంది. మారేది డ్రైవర్ కాదు, ఎక్కువగా ఇయర్‌ప్యాడ్లు.

కొత్త ప్యాడ్‌లోని ఫోమ్ గట్టిగా, ఉబ్బుగా ఉంటుంది. పైన ఉన్న ప్లాస్టిక్ తోలు నున్నగా, బిర్రుగా ఉండి చెవి వెనక గుంటలోకి, దవడ మూల కిందికి ఒంగదు. అక్కడ సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి పోయిందంటే బేస్ పోయినట్టే. గొంతు, తాళాలు, వేణువు అన్నీ మామూలుగా వినిపిస్తూనే 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పడిపోతుంది. సందు పెద్దదైతే అట్టడుగు స్వరాల్లో పది డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. బేస్ తగ్గితే మిగిలిన ట్రెబుల్ ఎక్కువై కనిపిస్తుంది, అందుకే మీ ‘స’, ‘శ’ గీరుతున్నాయి. మీరు రెండు ఫిర్యాదులుగా రాసింది చాలాసార్లు ఒకటే జబ్బు. రోజూ తల వేడి, చెమట తగిలి ఫోమ్ మెత్తబడితే ప్యాడ్ మొహానికి అచ్చుపడుతుంది, సందు మూసుకుంటుంది, బేస్ వస్తుంది. డ్రైవర్ కూడా చెవికి ఒకటి రెండు మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. దీనికి హెడ్‌ఫోన్స్‌ని బల్ల మీద పెట్టి రాత్రంతా పింక్ నాయిస్ అనే ‘హోరు’ శబ్దం వాయించడం దండగ, తలకు పెట్టుకుంటేనే ప్యాడ్ మారేది. పైగా పూర్తి వాల్యూమ్‌లో గంటల తరబడి వాయిస్తే వాయిస్ కాయిల్ వేడెక్కి లేని లోపం రావొచ్చు.

ఇది పరీక్షించడం తేలిక. బేస్ గిటార్ గానీ డప్పు గానీ స్పష్టంగా ఉన్న పాట పెట్టి, రెండు అరచేతులతో రెండు కప్పుల్నీ చెవి వైపు మెల్లగా నొక్కండి. గట్టిగా అదమొద్దు. బేస్ ఒక్కసారిగా పెరిగితే డ్రైవర్ బాగానే ఉంది, గాలి పోతోంది. అప్పుడు ఒక్కో చోటా నొక్కి చూడండి: చెవి వెనక, చెవి కింద, కణత దగ్గర. కళ్లద్దాలుంటే తీసి వినండి, లావు ప్లాస్టిక్ కాడ ఒక్కటే చాలు ప్యాడ్‌ని ఎత్తిపెట్టడానికి. జుట్టు ప్యాడ్ కింద నలిగితే వెనక్కి దువ్వి పెట్టుకోండి. హెడ్‌బ్యాండ్‌ని రెండు వైపులా ఒక్కో క్లిక్ దించి, కప్పుని చెవికి కొంచెం ముందుకి జరిపితే చాలామందికి కింది సందు పోతుంది. బ్యాండ్ మరీ బిగుతుగా ఉండి కణతలు నొప్పి పెడుతుంటే తల వెడల్పు కన్నా కాస్త పెద్దదైన పుస్తకాల కట్టకి ఒక రాత్రి తగిలించి ఉంచండి. అంతకన్నా సాగదీశారంటే బిగువు పోయి మళ్లీ బేస్ పోతుంది.

నొక్కినా ఏమీ మారకపోతే సెట్టింగుల్లో వెతకాలి. ఫోన్‌లో ఒక ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే మీటలు), హెడ్‌ఫోన్ యాప్‌లో ఇంకొకటి, డాల్బీ లాంటిది ఆన్‌లో ఉంటే మూడోది. మూడూ ఆపేసి వినండి. బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న మోడల్ అయితే ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ వేర్వేరుగా వినాలి, తక్కువ ధర వాటిలో ఆఫ్ చేస్తే ధ్వని తీరే మారిపోతుంది. లాప్‌టాప్‌లో వింటున్నారా? ఆన్‌లైన్ క్లాసు యాప్ ఏదైనా మైక్ పట్టుకుని ఉంటే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి పడిపోతుంది, పాట డబ్బా ఫోన్‌లో విన్నట్టుంటుంది. సౌండ్ సెట్టింగుల్లో ‘హ్యాండ్స్-ఫ్రీ’ అన్నది కాకుండా ‘స్టీరియో’ అన్నది ఎంచుకోండి. ఇంకొకటి, యాప్ అప్‌డేట్ అడిగితే ముందే చేసేయండి. ఫర్మ్‌వేర్‌తో, అంటే హెడ్‌ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్‌తో, ధ్వని మారిన మోడళ్లున్నాయి, ఆ పేరు కూడా బర్న్-ఇన్‌కే పోతుంటుంది.

ఇప్పుడు అసలు లోపాలు. వీటిని ఎన్ని గంటలు వాయించినా పోవు.

ఒక వైపు సౌండ్ తక్కువగా ఉంటే హెడ్‌ఫోన్స్‌ని తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి పెట్టుకోండి. తగ్గుదల కప్పుతో పాటు జరిగితే హెడ్‌ఫోన్‌ది తప్పు. అదే చెవిలో ఉండిపోతే మీ చెవిది, గులిమి కావచ్చు. ఈ పరీక్షకు ముందు ఫోన్ యాక్సెసిబిలిటీలో ఎడమ-కుడి బ్యాలెన్స్ మీట సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకోండి. చేయి తగిలి జరిగి ఉండటం మామూలే.

అదే యాక్సెసిబిలిటీలో ‘మోనో’ ఆన్ చేసి ఒక్క గొంతు వినండి. మన బాలు గారి పాట ఏదైనా సరే. గొంతు తల మధ్యలో ఒక చుక్కలా నిలబడాలి. అలా కాకుండా రెండు చెవుల బయట ఎక్కడో చెదిరి, బేస్ కూడా మాయమైతే ఒక డ్రైవర్ వైర్లు తలకిందులుగా అతికారని గట్టిగా అనుమానించొచ్చు. ఫ్యాక్టరీలో అప్పుడప్పుడూ జరిగే పొరపాటే. వెంటనే తిప్పి పంపండి.

తర్వాత యూట్యూబ్‌లో 20 నుంచి 200 హెర్ట్జ్ స్వీప్ (కింది స్వరం నుంచి పైకి జారుతూ పోయే శబ్దం) వెతికి, సగం కన్నా తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. స్వరం నున్నగా పైకి పోవాలి. మధ్యలో ఎక్కడైనా ‘జర్ర్’ మని కొట్టుకుంటే ప్యాడ్ ఊడదీసి, టార్చి వేసి డ్రైవర్ ముందున్న గుడ్డ మీద చూడండి. చాలాసార్లు అక్కడొక తలవెంట్రుక ఉంటుంది. సన్నటి కొస ఒకటి గుడ్డలోంచి లోపలికి దూరి పొరకి తగులుతుంటే ఆ చప్పుడే వస్తుంది. ట్వీజర్‌తో బయటి కొస పట్టి నిదానంగా లాగేయండి, లోపలికి గుచ్చొద్దు. వెంట్రుక లేకుండానే కొట్టుకుంటుంటే కాయిల్ రాసుకుంటూ ఉండొచ్చు, మార్పించుకోవాల్సిందే.

ఇవన్నీ బాగుండి, సందు కూడా మూసుకున్నాక ఇంకా ‘శ’ గీరుతుంటే అది ఆ మోడల్ స్వభావం. ఈక్వలైజర్‌లో 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. బేస్ కావాలంటే 60–100 హెర్ట్జ్ దగ్గర మూడు పెంచి, మొత్తం లెవెల్ అంతే తగ్గించండి, లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర పగులుతుంది. వారానికి చెవి అలవాటు పడుతుందనేదీ నిజమే. కాకపోతే నచ్చని శబ్దానికి అలవాటు పడటానికి డబ్బు పెట్టడం ఎందుకని నా అభిప్రాయం. స్నేహితుడి సెట్‌తో పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి. ఫోన్‌లో ఒక్క మెట్టుకే రెండు మూడు డెసిబెల్స్ తేడా రావొచ్చు, కాస్త గట్టిగా మోగేదే ‘మంచి సౌండ్’ అనిపిస్తుంది.

ఉంచుకునేట్టయితే మన వైపు వాతావరణాన్ని లెక్కలో పెట్టుకోండి. కావలి, కొత్తపట్నం వైపు ఉప్పు గాలి, నెల్లూరు మే నెల చెమట, దానికి తోడు తలకి కొబ్బరినూనె: ప్యాడ్ల ప్లాస్టిక్ తోలు పెచ్చులు లేచేది ఇందుకే. వాడాక తడి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, స్పిరిట్ వద్దు. ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు. ప్యాడ్లు మార్చాల్సి వస్తే అదే మోడల్‌వి, అంతే మందం ఉన్నవి కొనండి. వెల్వెట్ గుడ్డవి చల్లగా ఉంటాయి గానీ గాలి వదిలి మళ్లీ బేస్ తగ్గిస్తాయి.

చెవిలో దూర్చుకునే బడ్స్‌కీ ఇదే లెక్క, అక్కడ ప్యాడ్‌కి బదులు రబ్బరు టిప్పు. డబ్బాలో వచ్చిన మూడు సైజులూ పెట్టి చూడండి, రెండు చెవులకీ ఒకే సైజు ఉండాలని లేదు.

రిటర్న్ పెట్టేటప్పుడు ‘సౌండ్ బాలేదు’ అని రాయొద్దు, అది మీ ఇష్టాయిష్టం అనుకుని కొట్టిపారేస్తారు. ‘ఎడమ డ్రైవర్ సౌండ్ తక్కువ, తిప్పి పెట్టుకున్నా ఆ కప్పులోనే తక్కువ’ అనో, ‘బేస్ స్వీప్‌లో కుడి వైపు కొట్టుకుంటోంది’ అనో రాయండి. ఫోన్ మైక్‌ని కప్పు లోపల పెట్టి ఆ చప్పుడు వినిపించేలా ఒక వీడియో తీసి జత చేయండి. డబ్బా, కేబుల్, సిలికా జెల్ పొట్లంతో సహా అన్నీ అలాగే ఉంచండి.