చిన్న నగిషీ చెక్క పెట్టెలు చేయడం ఎలా నేర్చుకోవాలి?

మిర్యాలగూడలో ఉంటాను, నగలు పెట్టుకునే చిన్న చెక్క పెట్టెలు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

కొత్త కలప కొనకండి. తలుపులు చేసే వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు చాలు, బాగా ఆరినవి ఏరుకోండి. పచ్చి చెక్క మన ఎండలకు వంకర తిరుగుతుంది.

మూలలు 45 డిగ్రీలకు కోసి, ఫెవికాల్ పూసి, తాడుతో బిగించి రాత్రంతా వదిలేయండి. అడుగు చెక్కకు మాత్రం జిగురు వద్దు. మూలలు అతికించేటప్పుడే దాన్ని పక్క చెక్కల లోపలివైపు తీసిన గాడిలో వదులుగా కూర్చోబెడితే, వానాకాలం ఉబ్బినా మూలలు విడిపోవు.

మూత విడిగా చేస్తే కొలత కుదరక టెన్షన్. నా మొదటి పెట్టె మూత ఇప్పటికీ ఓ పక్క లేచే ఉంటుంది. అందుకే పెట్టెను ఆరు వైపులా మూసేశాక, పైభాగాన్ని రంపంతో చుట్టూ కోయండి, అదే మూత అవుతుంది. చెక్క చారలు కూడా కలుస్తాయి. నగిషీ అంటారా, నాలుగైదు పెట్టెలయ్యాక చూద్దాం.