ఇంటి మొత్తానికి ఫిల్టరు పెట్టించబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

పొదిలిలో కట్టుకున్న కొత్త ఇంటికి బోరు దగ్గరే పెద్ద ఫిల్టరు బిగించి, ఏ కుళాయి తిప్పినా తాగే నీళ్ళే వచ్చేటట్టు చేయబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల నీళ్ళ సంగతి తానే పట్టించుకుని, ఫిల్టరు కంపెనీల వాళ్ళతో తానే మాట్లాడి, ధరలు తానే తేల్చుకునేంత పెద్దదయిందని నాకు చాలా గర్వంగా ఉంది. కానీ "ఏ కుళాయి తిప్పినా తాగవచ్చు" అన్న మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నీ పాపకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. నీళ్ళ పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని, నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను? ఫోనులో తొందరగా చెబితే సగం మరిచిపోతావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ ఆయనకు కూడా చదివి వినిపించు.

సులువైన సంగతులు ముందు ముగిస్తాను. ఫిల్టరు ట్యాంకులను ఎండ తగలని చోట పెట్టించు, పక్కనే నీళ్ళు పోయే తూము ఉంచు. ఫిల్టరును తప్పించి నీళ్ళు నేరుగా వెళ్ళేందుకు బైపాస్ గొట్టం, మూడు వాల్వులు పెట్టిస్తే రిపేరు వచ్చిన రోజున ఇంట్లో నీళ్ళు ఆగవు. ఫిల్టరుకు ముందొకటి, వెనుకొకటి ప్రెషర్ మీటర్లు పెట్టించు. రెండింటి మధ్య తేడా పెరుగుతున్నదంటే లోపలి ఇసుక మూసుకుపోతున్నదని, బ్యాక్‌వాష్ చేయాలని, అంటే నీళ్ళను వెనక్కి పంపి ఇసుకను కడగాలని అర్థం.

అన్నిటికంటే ముందు నీళ్ళ పరీక్ష జరగాలి. ఫిల్టరు అమ్మడానికి వచ్చిన అబ్బాయి నీ గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి ఒక అంకె చూపిస్తే దాన్నే పరీక్ష అనుకోవద్దు. ఆ మీటరు జాతరలో ఎంత జనం ఉన్నారో చెప్పగలదు గాని వారిలో దొంగ ఎవరో చెప్పలేదు. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు 800 మిల్లీగ్రాములని అది చూపించినప్పుడు, అందులో ఫ్లోరైడు అర మిల్లీగ్రాము ఉన్నా, నాలుగు మిల్లీగ్రాములు ఉన్నా ఆ అంకెలో తేడా కనిపించదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు మాత్రమే ఒప్పుకుంటారు. కఠినత, అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లెక్క, 200 లోపల మంచిది, గత్యంతరం లేకపోతే 600 వరకు. నైట్రేటు 45 దాటకూడదు. ఈ మూడింటితో పాటు ఇనుము, పీహెచ్, టీడీఎస్, బాక్టీరియా కూడా పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికొచ్చిన తరువాతే ఏ ఫిల్టరు కావాలో మాట్లాడు. అంతవరకు అడ్వాన్సుగా ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

ఫ్లోరైడు గురించి ఈమె ఎందుకింత కంగారు పడుతున్నదని నీకు అనిపించవచ్చు. మీ ఊరు ఏ నేల మీద ఉన్నదో ఒకసారి తలుచుకో. పొదిలి, దర్శి, కనిగిరి ఆనాటి నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1937లో, నీటిలోని ఫ్లోరైడు వల్ల మనుషుల పళ్ళు, ఎముకలు ఎట్లా దెబ్బతింటున్నాయో మన దేశంలో తొలిసారిగా వైద్యులు రాసింది ఈ ప్రాంతం గురించే. నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వచ్చిన వాళ్ళను నా చిన్నతనంలో నేను కళ్ళారా చూశాను.

ఇక మీ మామయ్య ఇంటి సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఇంటి బావి నీళ్ళు సవుడు నీళ్ళు. కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు, తల స్నానం చేస్తే వదినగారి జుట్టు అట్టలు కట్టేది. అన్నయ్య అప్పు చేసి లోతుగా బోరు వేయించాడు. ఆ నీళ్ళు మెత్తగా, తియ్యగా ఉన్నాయి. పప్పు ఉడికింది, సబ్బు నురగలు కక్కింది, వదినగారు ఆ రోజు వీధిలో అందరికీ బూరెలు పంచారు. నీళ్ళలో కొంచెం మడ్డి వస్తున్నదని ఒక మేస్త్రీని పిలిచి గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పొరలుగా వేసి ఫిల్టరు తొట్టి కట్టించాడు. నీళ్ళు అద్దంలా తేరుకుని వచ్చేవి. "ఇంతకంటే స్వచ్ఛమైన నీళ్ళు జిల్లాలో లేవు" అని అన్నయ్య ఊరందరికీ చెప్పేవాడు, ఇరుగుపొరుగు వాళ్ళు బిందెలతో వచ్చి పట్టుకెళ్ళేవారు. అన్నయ్య చేసిన పొరపాటు అదే. కంటికి తేటగా ఉన్నదాన్ని, నాలుకకు తియ్యగా ఉన్నదాన్ని మంచినీళ్ళనుకున్నాడు. ఒక్క సీసా నీళ్ళు పట్టి ఏ ప్రయోగశాలకూ పంపలేదు.

ఆ తియ్యదనంలోనే అపాయం ఉన్నదని నేను ఉద్యోగంలో చేరిన తరువాత తెలుసుకున్నాను. మన ప్రాంతపు రాతిపొరల్లో ఫ్లోరైడు ఉంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కరగని పదార్థంగా మారి కిందికి దిగిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న మెత్తటి నీళ్ళు ఫ్లోరైడును కరిగించుకుని పైకి మోసుకువస్తాయి. అన్ని చోట్లా ఇట్లాగే జరుగుతుందని చెప్పను గాని, మెత్తటి నీళ్ళు కదా అని ధైర్యంగా ఉండటానికి మాత్రం వీలు లేదు. ఒకసారి పండుగకు వెళ్ళి తిరిగి వస్తూ అన్నయ్య ఇంటి నీళ్ళు ఒక సీసాలో తెచ్చి పరీక్ష చేశాను. ఆ పరీక్షలో వాడే ద్రావణం ఎర్రగా ఉంటుంది. నీటిలో ఫ్లోరైడు ఎంత ఎక్కువ ఉంటే ఆ ఎరుపు అంతగా వెలిసిపోతుంది. నా కళ్ళ ముందే ఆ రంగు పాలిపోయింది. పరిమితికి మూడింతలు దాటి ఉంది. అప్పటికే మీ పెద్ద బావకు శాశ్వత దంతాలు వచ్చేశాయి, వాటి మీద గోధుమరంగు చారలు వచ్చేశాయి. ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్న కాలంలోనే ఆ నష్టం జరిగిపోతుంది. తరువాత నీళ్ళు మార్చినా చారలు పోవు. మరునాటి నుంచే అన్నయ్య నాగార్జున సాగర్ నీళ్ళు బిందెలతో మోయించాడు, చిన్నవాడి పళ్ళు కాపాడుకున్నారు. పెద్దవాడు తన పెళ్ళి ఫోటోల్లో ఒక్కదానిలోనూ పళ్ళు కనిపించేలా నవ్వలేదు. వదినగారు ఆ ఆల్బం తిరగేసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటారు. అమ్మాయీ, నీ పాప విషయంలో ఇది జరగకూడదు.

నీకు అమ్మజూపుతున్న ఫిల్టరులో ఏ భాగం ఏ పని చేస్తుందో ఇప్పుడు శ్రద్ధగా విను. ఇసుక మడ్డిని పట్టుకుంటుంది. కార్బను వాసనను, క్లోరినును తీస్తుంది. నీళ్ళను మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ పూసలు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తీసుకుని వాటి బదులు సోడియాన్ని నీళ్ళలోకి వదులుతాయి. ఫ్లోరైడు ఋణావేశం కలది. ఆ రెసిన్ ధనావేశం కలవాటిని మాత్రమే పట్టుకుంటుంది కనుక ఫ్లోరైడు దాన్ని దాటి నీ గ్లాసులోకి వచ్చేస్తుంది. నీళ్ళు కాచినా పోదు, కాగి నీళ్ళు తగ్గే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ఈ పెద్ద ఫిల్టరు స్నానానికి, బట్టలకు, గీజరుకు, గొట్టాల్లో సున్నం పట్టకుండా ఉండటానికి మంచిదే, పెట్టించు. తాగడానికి, వంటకు మాత్రం వంటింట్లో వేరే కుళాయి ఉండాలి. కుళాయి ద్వారా సాగర్ నీళ్ళు వస్తుంటే మొదట వాటినే పరీక్ష చేయించి వాడుకో. అవి చాలకపోతే ఆర్వో పెట్టించు. దాని పొర ఫ్లోరైడును చాలావరకు ఆపుతుంది. కానీ పొర పాతబడే కొద్దీ ఆపడం తగ్గుతుంది కనుక ఏడాదికొకసారి ఆర్వో నుంచి వచ్చే నీళ్ళను కూడా పరీక్షకు పంపాలి. అన్నం, పప్పు ఆ నీళ్ళతోనే వండు, ఎందుకంటే గింజ పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడు కూడా అన్నంలోకి చేరుతుంది. ఆర్వో బయటికి వదిలే నీళ్ళలో ఫ్లోరైడు చిక్కగా ఉంటుంది. నేల తుడవడానికి తప్ప వాడవద్దు.

సాఫ్ట్‌నర్ విషయంలో మీ అమ్మ గురించి కూడా నాకు బెంగగా ఉంది. దానికి బీపీ ఉన్నా మందులు ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోతుంది. కఠినత 100 మిల్లీగ్రాములు తగ్గించిన ప్రతిసారీ లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మీ బోరు నీళ్ళ కఠినత 600 ఉంటే దాదాపు 276 మిల్లీగ్రాములన్న మాట. బీపీ ఉన్న మనిషికి అంత సోడియం మంచిది కాదు, అందుకే సాఫ్ట్‌నర్ నీళ్ళు నేరుగా మీ అమ్మ గ్లాసులోకి పోకూడదు. ఆర్వో దాటిన తరువాతయితే సోడియం కూడా చాలావరకు తగ్గుతుంది.

సాఫ్ట్‌నర్ రెసిన్ నిండిపోయినప్పుడల్లా దాన్ని ఉప్పునీళ్ళతో కడగాలి. దానికి "వారానికొకసారి ఉప్పు పోస్తే చాలు" అని ఫిల్టరు వాళ్ళు చెబుతారు. నువ్వు లెక్క వేసి చూసుకో. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కఠినతను పట్టగలదు. 25 లీటర్ల రెసిన్ అయితే 1,250 గ్రాములు. 600 కఠినత ఉన్న నీళ్ళను అది రెండు వేల లీటర్ల వరకు మాత్రమే మెత్తబరుస్తుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు 700 లీటర్లు ఖర్చయితే మూడు రోజులకే ఉప్పునీళ్ళతో కడగాలి, కడిగిన ప్రతిసారీ మూడు నాలుగు కిలోల ఉప్పు పడుతుంది. ఆ ఖర్చు, ఆ శ్రమ భరించగలరో లేదో ముందే ఆలోచించుకోండి. కడిగిన ఉప్పునీళ్ళను కొబ్బరిచెట్టు మొదట్లోకి గాని, బోరు పక్కన తవ్వించిన ఇంకుడు గుంతలోకి గాని వదలవద్దు. చెట్టు చచ్చిపోతుంది, గుంతలోకి వదిలితే మీ ఉప్పు మీ బోరులోకే తిరిగి వస్తుంది.

బిగించే చోటు గురించి మీ ఆయనకు చెప్పు. మేడ మీది ట్యాంకు నుంచి నాలుగు మీటర్లు కిందికి వచ్చే నీళ్ళకు చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోల ఒత్తిడి మాత్రమే ఉంటుంది, అది ఫిల్టరుకు చాలదు. బోరుకు, మేడ మీది ట్యాంకుకు మధ్య బిగిస్తే మోటారు ఒత్తిడే సరిపోతుంది. అయితే ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి, గొట్టాన్ని మూసేసే ఫ్లోట్ వాల్వు వద్దు. 100 మీటర్ల హెడ్ ఉన్న, అంటే నీళ్ళను 100 మీటర్ల ఎత్తు వరకు తోయగల మోటారు తిరుగుతుండగా పైన దారి మూసుకుపోతే, బోరులో నీళ్ళు 30 మీటర్ల లోతున ఉన్నప్పుడు ఫిల్టరు మీద ఏడు కిలోల ఒత్తిడి పడుతుంది. వానలు పడి నీళ్ళు పది మీటర్లకు వస్తే తొమ్మిది కిలోలు. వేసవిలో ఏ ఇబ్బందీ లేని అతుకు కార్తీకంలో పగిలేది ఇందువల్లే. ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు కూడా అడిగి పెట్టించుకోండి. క్లోరిను కలిపి వచ్చే కుళాయి నీళ్ళను మాత్రం సంపులోకి పోకముందే కార్బను గుండా పంపవద్దు; క్లోరిను పోయిన నీళ్ళు నిలవ ఉంటే బాక్టీరియా పెరుగుతుంది.

ఇక సీసాల సంగతి. మోటారు వేసి పది నిమిషాలు నీళ్ళు పోనిచ్చి, లీటరు పట్టే కొత్త ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపు. బాక్టీరియా పరీక్షకు ప్రయోగశాల వాళ్ళు ఇచ్చే శుద్ధి చేసిన సీసా వేరుగా తీసుకుని, దాన్ని కడగకుండానే నింపి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే అందేటట్టు చూడు. సీసా మీద తేదీ, బోరు లోతు రాయి. ఇప్పుడొకసారి, వానలు తగ్గాక మరొకసారి చేయించాలి. వచ్చే ఆదివారం మీ తమ్ముడు ఒంగోలు వస్తున్నాడట కదా. ఆ ఉదయమే సీసాలు నింపి వాడి చేత పంపించు, ప్రయోగశాలలో ఇచ్చే పని నేను చూసుకుంటాను. ఫిల్టరు వాళ్ళకు రిపోర్టు వచ్చేవరకు ఆగమని చెప్పు. వాళ్ళు తొందరపెడితే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

పాపకు నా ముద్దులు. మీ అమ్మ మందులు నువ్వే దగ్గరుండి వేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ