బాడుగ ఇల్లు, ముందే పడిన ముద్ర

ప్రశ్న: మా మిద్దెపై పోర్షన్ ఖాళీ అయింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఒక ముస్లిం జంట వచ్చి అడిగితే, ఏమీ ఆలోచించకుండానే ‘వేరేవాళ్లకు మాటిచ్చాం’ అనేశాను. అది అబద్ధం. మా అబ్బాయి హైదరాబాదులో గది కోసం తిరిగినప్పుడు ‘కడప వాళ్లా?’ అంటూ ఇంటి ఓనరు వెనకాడాడని తెలిసి నేనెంతో బాధపడ్డాను. నాలో ద్వేషం లేదనే అనుకుంటున్నాను. మరి ఆ మాట ఎందుకు వచ్చింది, దీన్ని ఎలా సరిచేసుకోవాలి?
– ఒక గృహిణి, కడప

జవాబు: ద్వేషం లేదన్న మీ మాటను నమ్ముతాను. అయితే ద్వేషం లేనంత మాత్రాన ఆ జంటకు ఇల్లు దొరకలేదు. ఒక వర్గం గురించి లోకం అనుకునేది తెలిసి ఉండటం వేరు, దాన్ని నమ్మడం వేరు అని అమెరికా మనస్తత్వవేత్త పట్రీషియా డివైన్ 1989లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. చిన్ననాటి నుంచి విన్న మాట, దాన్ని నమ్మనివారి మనసులోనూ అప్రయత్నంగా మెదులుతుంది. దానికి లోబడకుండా ఉండటానికే ప్రయత్నం కావాలి. గేటు దగ్గర నిలబడి అప్పటికప్పుడు జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ప్రయత్నానికి వ్యవధి ఉండదు.

అందుకని ‘ఇకపై అలాంటి ఆలోచనే రానివ్వను’ అని ఒట్టు పెట్టుకోవద్దు. మనస్తత్వవేత్త నీల్ మాక్రే, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, మూస అభిప్రాయాన్ని బలవంతాన అణచుకున్నవారిలో అది ఆ తర్వాత మరింత బలంగా పైకి వచ్చింది. మీరు మార్చుకోవలసింది నిర్ణయం తీసుకునే పద్ధతిని. బాడుగ, అడ్వాన్సు, ఇంట్లో ఎందరుంటారు, నీళ్ల వాడకం, ఖాళీ చేసేముందు ఎన్నాళ్ల గడువు ఇవ్వాలి అన్నవన్నీ ముందే కాగితం మీద రాసుకుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ అవే అడగండి; జవాబు మరునాడు చెప్పండి. పేరు వినగానే వంట గురించో, వచ్చిపోయే బంధువుల గురించో కొత్త షరతు గుర్తుకొస్తే, ఇదివరకు ఉన్నవారిని అది అడిగారో లేదో చూసుకోండి. (ఆదివారం మీ ఇంట్లోనూ మాంసం ఉడికేటట్టయితే వంట ప్రశ్నకు అర్థమే లేదు.)

ఉగాదికి దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు, పెద్ద దర్గాకు హిందువులు వెళతారు, కాబట్టి మన ఊరికి ఈ జబ్బు లేదని కొందరు అంటుంటారు. ఆ సంప్రదాయం గొప్పదే గాని, పండుగనాటి రాకపోకలు బాడుగ ఇంటి గుమ్మం దాకా రావడం లేదు. పరిచయం వల్ల అపోహ తగ్గాలంటే ఇరువురూ సమాన స్థాయిలో ఉండి, ఒకే పని కోసం చేతులు కలపాలని అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే అన్నారు. వీధి కుళాయి నీళ్ల కోసమో, పిల్లల బడి కోసమో కలిసి తిరిగేవారి మధ్య ఆ అవకాశం ఎక్కువ. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. నచ్చిన మనిషిని ‘వీళ్లు అందరిలాంటివారు కారు’ అని మినహాయించేసి, మిగిలినవారిపై ముద్రను యథాతథంగా ఉంచుకుంటాం. మీ అబ్బాయిని ఎవరైనా ‘నువ్వు కడపోడిలా లేవే’ అని మెచ్చుకుంటే మీకెలా ఉంటుంది?

పోర్షన్ ఇంకా ఖాళీగా ఉంటే ఆ జంటకు కబురు పంపి, మాటిచ్చామన్నది నిజం కాదని చెప్పి, ఇల్లు చూసుకోమనండి. వాళ్లు రాకపోవచ్చు. కారణం అడగవద్దు.